సైన్యంలో ఉన్న మనవాళ్ళ ఆరోగ్యం: గుంటూరు, విజయవాడ వైపు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్యం వైద్యవిభాగంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా 22 ఏళ్ళు చేసి గుంటూరు వచ్చి స్థిరపడ్డాను. డాక్టర్‌ను కాను. సూది వేసినవాణ్ణి, కట్టు కట్టినవాణ్ణి, స్ట్రెచర్ మోసినవాణ్ణి. పొద్దున్నే వాకింగ్‌కు వెళ్తే గ్రౌండులో పరుగు తీసే కుర్రాళ్ళు ఆపి అడుగుతారు. సాయంత్రం టీ బంకు దగ్గర రిటైరైన సుబేదార్లు అడుగుతారు. రాత్రి తొమ్మిదికి ఫోన్ మోగిందంటే మాత్రం ఎవరో ఒక తల్లే. పదేపదే వచ్చే ప్రశ్నలకు ఒకచోట జవాబులు రాస్తే నాకూ గొంతు నొప్పి తగ్గుతుందని ఇది మొదలుపెట్టాను. మందుల మోతాదులు కావాలనే రాయలేదు, అవి డాక్టరు చెప్పాల్సినవి.

"డ్యూటీ వల్ల వచ్చిన జబ్బు" అంటే ఏమిటండీ? తూటా తగలడమేనా?

మన మిర్చి యార్డులో సీజన్‌లో ఒక గంట నిలబడి చూడండి. మొదటిసారి వెళ్ళినవాడు తుమ్ములతో, కళ్ళనీళ్ళతో బయటికి పరుగెత్తుకొస్తాడు. ఇరవై ఏళ్ళుగా టిక్కీలు మోస్తున్న హమాలీ మాత్రం ఏమీ ఎరగనట్టు బీడీ ముట్టిస్తాడు. అతని ముక్కుకు అలవాటైపోయింది. ఊపిరితిత్తులకు కూడా అలవాటైందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

సైనికుడి సంగతీ అంతే. తూటా అనేది కనబడే ప్రమాదం. కనబడనివి చాలా ఉన్నాయి. ఫిరంగి దగ్గర నిలబడినవాడికి చెవులు, బరువు మోసినవాడికి మోకాళ్ళు, నడుము పోతాయి. ఫైరింగ్ రేంజిలో సీసం ధూళి, వర్క్‌షాపులో డీజిల్ పొగ, పెయింటు ద్రావకాలు ఉంటాయి. వీటన్నిటికీ పని కారణం. గాలి పల్చబడిన కొండ, 50 డిగ్రీల ఇసుక, దోమల అడవి, వీటికి చోటు కారణం. చాలాసార్లు రెండూ కలిసి ఒకే మనిషి మీద పడతాయి. 40 డిగ్రీల ఎండలో ఊరికే కూర్చోవడం వేరు, అదే ఎండలో హెల్మెట్, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని నాలుగు గంటలు గస్తీ తిరగడం వేరు.

మావాడికి లేహ్ పోస్టింగ్ వచ్చింది. విమానంలో వెళ్తున్నాడు. ఏమన్నా భయమా?

అమ్మా, భయపడాల్సింది విమానానికి కాదు, విమానం దిగాక "నాకేం కాలేదు" అనే మీవాడి మాటకు.

మన గుంటూరు సముద్రమట్టానికి సుమారు వంద అడుగుల ఎత్తులో ఉంటుంది. లేహ్ 11,500 అడుగులు. అక్కడి గాలిలో ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు ఇక్కడితో పోలిస్తే మూడింట రెండు వంతులే. 18,000 అడుగులకు వెళ్తే సగం. రోడ్డు మీద మెల్లగా ఎక్కితే ఒంటికి సర్దుకోవడానికి నాలుగు రోజులు దొరుకుతాయి. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో ఆ ఎత్తులో ఉంటాడు. మనసు చేరుతుంది గానీ ఒళ్ళు ఇంకా ఢిల్లీలోనే ఉంటుంది.

అందుకే సైన్యంలో మెట్లు మెట్లుగా అలవాటు చేస్తారు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, తర్వాత 15,000 దాకా నాలుగు రోజులు, ఆ పైన ఇంకో నాలుగు రోజులు. మొదటి రెండు రోజులు అసలు పనే చెప్పరు, పడుకోమంటారు. కొత్తగా వెళ్ళిన కుర్రాళ్ళకు అది చిన్నతనంగా ఉంటుంది. "సార్, నేను స్టేట్ లెవెల్ కబడ్డీ ఆడాను" అన్నవాణ్ణి మూడో రోజు రాత్రి నేనే మోసుకొచ్చాను. ఎత్తుకు దేహదారుఢ్యంతో పనిలేదు. బలంగా ఉన్నవాడు తొందరపడి ఎక్కువ తిరుగుతాడు కాబట్టి అతనికే ముందు దెబ్బ తగలవచ్చు కూడా.

తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం మొదటి మెట్టు. చాలామందికి విశ్రాంతితో పోతుంది. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు, ఛాతీలో గురగుర, పెదవులు నీలిరంగు, తర్వాత గులాబీ రంగు నురగ. ఇది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. నడక తూలడం, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం మెదడు వాపు గుర్తులు. ఈ రెండింటికీ అసలు మందు కిందికి దించడమే. ఆక్సిజన్, మాత్రలు, గాలి నింపి లోపల ఒత్తిడి పెంచే సంచీ, ఇవన్నీ దించేలోపు ప్రాణం నిలబెట్టడానికి.

ఈ పాఠం మనకు తేలిగ్గా రాలేదు. 1962 చైనా యుద్ధం నాటికి మైదానాల నుంచి జవాన్లను హడావిడిగా పైకి తరలించారు. ఆ రోజుల్లో జబ్బుపడిన 1,925 మంది భారత సైనికులను పరిశీలించి మన సైనిక వైద్యులు రాసిన వ్యాసం 1969లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది. ఎత్తు జబ్బు గురించి ప్రపంచం నేర్చుకున్నదాంట్లో మన జవాన్ల ఊపిరి చాలా ఉంది.

మీవాడికి ఫోన్‌లో చెప్పాల్సింది ఒకటే. తలనొప్పి వస్తే దాచొద్దు, పక్కవాడితో చెప్పు, ఎంఐ రూముకి (యూనిట్‌లో ఉండే చిన్న వైద్యశాల) వెళ్ళు. మొదటి వారం మద్యం, సిగరెట్ ముట్టొద్దు. నిద్రమాత్ర తనంతట తాను వేసుకోవద్దు.

ఒకసారి ఏడాది పైన ఉండి వచ్చాడు కదా, సెలవు అయ్యాక నేరుగా వెళ్ళిపోవచ్చా?

వెళ్ళకూడదు. నెలరోజులు ఇంట్లో ఉండి గోంగూర పచ్చడి తిని తిరిగి వెళ్ళినవాడి ఒళ్ళు మళ్ళీ మైదానం ఒళ్ళే. పాతకాపుననే ధైర్యంతో బ్యాగు దించీ దించగానే పోస్టుకు ఎక్కి, రెండో రాత్రి ఊపిరాడక పడిపోయినవాళ్ళు ఉన్నారు. నెల దాటి కింద ఉంటే మొదటిసారి వెళ్ళినవాడితో సమానం, మొత్తం మెట్లు మళ్ళీ ఎక్కాలి. సెలవు పెంచుకున్న ప్రతిసారీ ఇది గుర్తుంచుకోండి.

చాలాకాలం పైనే ఉండటంలో ఇంకో చిక్కుంది. ప్రాణవాయువు తక్కువని ఒళ్ళు ఎర్రకణాలు ఎక్కువ తయారుచేస్తుంది. రక్తం చిక్కబడుతుంది. దానికి నీళ్ళు తక్కువ తాగడం, చలికి కదలకుండా కూర్చోవడం తోడైతే కాలి సిరల్లో గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే అది బెణుకు అనుకుని జండూబామ్ రాయకండి.

సియాచిన్‌లో శత్రువు కంటే చలే ఎక్కువమందిని చంపిందంటారు. నిజమేనా?

నిజమే. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మనవాళ్ళు అక్కడికి ఎక్కారు. 2003 నవంబరు నుంచి కాల్పుల విరమణ ఉంది. అయినా శవపేటికలు దిగడం ఆగలేదు. మంచు చరియలు, లోయల్లాంటి పగుళ్ళు, ఎత్తు జబ్బులు. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల దగ్గర సోనమ్ పోస్టు మీద మంచుగోడ కూలి మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌కు చెందిన పదిమంది కూరుకుపోయారు. ఆరు రోజుల తర్వాత లాన్స్‌నాయక్ హనుమంతప్ప ప్రాణంతో బయటపడి దేశమంతా ఊపిరి బిగబట్టింది. 11న ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. ఆ పదిమందిలో మన కర్నూలు జిల్లావాడూ ఉన్నాడు.

పెద్ద ప్రమాదాలు పేపర్లో పడతాయి. రోజువారీవి పడవు. మంచుకాటు అందులో మొదటిది. వేలు ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడి, మొద్దుబారుతుంది. నొప్పి పోయిందని సంతోషిస్తారు. ఆ నొప్పి పోవడమే ప్రమాదం. మంచుతో రుద్దితే తగ్గుతుందనే మాట పచ్చి అబద్ధం, రుద్దితే చర్మం చిట్లుతుంది. నిప్పు దగ్గర పెడితే మొద్దుబారిన వేలు కాలినా తెలియదు. ఒంటి వేడితో సమానంగా, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ముంచడమే పద్ధతి. అదీ మళ్ళీ గడ్డకట్టే అవకాశం లేనిచోట చేయాలి. కరిగి మళ్ళీ గడ్డకడితే వేలు దక్కదు.

రెండోది బుఖారీ. కిరోసిన్‌తో గుడిసె వెచ్చబెట్టే పొయ్యి. చలికి గాలి సందులన్నీ మూసేసి బుఖారీ వెలిగించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పొద్దున లేవరు. పడుకునే ముందు ఆర్పేయడం, సందు తెరిచి ఉంచడం, ఈ రెండూ చేస్తే చాలు. ఇంత చిన్న విషయానికి పోయినవాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

బెజవాడ ఎండలో పుట్టి పెరిగినవాడికి రాజస్థాన్ ఎండ ఒక లెక్కా?

రెంటచింతలవాడు కూడా నాతో ఇదే మాటన్నాడు. ఎండకు అలవాటు అనేది పుట్టుకతో వచ్చే ఆస్తి కాదు. వేడిలో రోజూ కొంచెం కొంచెం శ్రమపడితే ఒకటి రెండు వారాల్లో ఒంటికి వస్తుంది. కొన్ని వారాలు చల్లగా ఉంటే పోతుంది. మే నెలలో బెజవాడలో పుట్టినా, ఏడాది మొత్తం సిక్కింలో ఉండి జైసల్మేర్ వెళ్తే కొత్తవాడే.

సైనికుడికి వచ్చే వడదెబ్బ మన ముసలివాళ్ళకు వచ్చేదానికంటే వేరు. ముసలివాళ్ళకు ఎండ బయటి నుంచి కొడుతుంది. పరుగెత్తే కుర్రాడికి వేడి లోపలి నుంచి, కండరాల్లోంచి పుడుతుంది. అందుకే తెల్లవారుజామున ఐదింటికి, ఎండ పొడ లేనప్పుడు కూడా వడదెబ్బ తగిలి పడిపోతారు. గాలిలో తేమ ఉంటే ఇంకా చెడ్డ, చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. మన కృష్ణా తీరం ఉక్కపోతలో పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు ఇది బాగా వినాలి.

ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తేడాగా వస్తుంటే, తూలుతుంటే, అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగు వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉంటుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగొద్దు. ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి. నీళ్ళ తొట్టి ఉంటే మెడదాకా ముంచండి, లేకపోతే బకెట్లతో పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయొద్దు.

జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు, విరేచనాలైన మర్నాడు, రాత్రి మందు కొట్టిన మర్నాడు పరుగు పందెం వద్దు. జలుబు మాత్రల్లో కొన్ని చెమటను ఆపుతాయి. బరువు తగ్గాలని ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తే కుర్రాళ్ళను గుంటూరులో ఈ వేసవిలో కూడా చూశాను. బాబూ, తగ్గేది నీళ్ళ బరువు. సాయంత్రానికి మళ్ళీ వస్తుంది, మధ్యాహ్నానికి నువ్వుంటే.

అగ్నివీర్‌కి ప్రాక్టీసు చేస్తున్నాను. ముంగాలు ఎముక ఒకచోట నొప్పి. కొవ్వు కరుగుతోందని మా కోచ్ అంటున్నాడు.

తమ్ముడూ, ఎముకలో కొవ్వు కరగదు, చిరుగు పడుతుంది. జర్మనీలో 1855లోనే ఒక సైనిక వైద్యుడు కవాతు చేసే సైనికుల పాదాల్లో ఈ నొప్పి, వాపును గమనించి రాశాడు. ఎక్స్‌రే యంత్రం పుట్టడానికి 40 ఏళ్ళ ముందు మాట. ఇప్పటికీ దాన్ని మార్చ్ ఫ్రాక్చర్ అనే అంటారు.

కండరం నొప్పి పరుగు మొదలుపెట్టాక సర్దుకుంటుంది. ఎముక నొప్పి పరుగు పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఒక వేలితో నొక్కి "ఇక్కడే" అని చూపించగలిగితే అనుమానించు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. రిపోర్ట్ నార్మల్ అని మళ్ళీ పరుగెత్తి, చిరుగును విరుగు చేసుకున్నవాళ్ళున్నారు. నొప్పి సూది వేయించుకుని ర్యాలీలో పరుగెత్తడం అన్నిటికంటే తెలివితక్కువ పని. అక్కడ పాసైనా ట్రైనింగ్ సెంటర్లో ఆరో వారం దొరికిపోతావు.

వారం వారం దూరం కొద్దికొద్దిగా పెంచు. సిమెంటు రోడ్డు కాకుండా మట్టి నేల చూసుకో. అరిగిన బూట్లు పారేయి. పాలు, గుడ్డు, పొద్దుటెండ.

అమ్మాయిలు కూడా ఇప్పుడు మిలిటరీ పోలీసు విభాగంలో అగ్నివీర్లుగా చేరుతున్నారు. వాళ్ళకు ఈ ఎముక చిరుగులు ఎక్కువ. తిండి తగ్గించి పరుగు పెంచితే ముందు నెలసరి ఆగుతుంది, తర్వాత ఎముక బలహీనపడుతుంది. నెలసరి ఆగిందంటే పరుగు తేలికైందని మురిసిపోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మా ఆయన ఆర్టిలరీలో చేశారు. టీవీ సౌండు ఇల్లెగిరిపోయేలా పెడతారు. పిలిస్తే పలకరు.

పలకకపోవడంలో కొంత భాగం మొగుళ్ళందరికీ ఉండే జబ్బే అనుకోండి. మిగతాది ఫిరంగిది.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. రోజుకు ఎనిమిది గంటలు 85 దాటిన మోతలో పనిచేస్తే కాలక్రమంలో చెవి దెబ్బతింటుంది. రైఫిల్ పేలుడు క్షణకాలమే అయినా 150 దాటుతుంది. ఫిరంగి ఇంకా ఎక్కువ. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, వరిపైరు అనుకోండి. తుపాను గాలి ఒకసారి వస్తే పడి మళ్ళీ లేస్తుంది. పదేపదే వస్తే లేవదు. ఆ కణాలు మళ్ళీ మొలవవు. అందుకే పోయిన వినికిడికి మందు లేదు, యంత్రం ఉంది.

ముందు పోయేది పై స్థాయి శబ్దాలు. మగవాళ్ళ మాట వినబడి, భార్య మాట, మనవరాలి మాట సరిగ్గా అర్థం కావు. ఫంక్షన్ హాల్లో నలుగురి మధ్య తికమక పడతారు. దాన్ని ఇంట్లో "పొగరు" అంటారు. చెవిలో గుయ్యిమనే మోత రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వదు, దానితో చిరాకు. ఒకసారి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. యంత్రం పెట్టుకోవడానికి ఆయనకు నామోషీగా ఉంటే, కళ్ళజోడుకు లేని నామోషీ దీనికెందుకని అడగండి.

సర్వీసులో ఉన్న పిల్లలకు ఒక మాట. ఇయర్‌ప్లగ్ జేబులో పెట్టుకుంటే చెవికి రక్షణ రాదు. ఫైరింగ్ అయ్యాక చెవులు మొద్దుబారి గంటలో సర్దుకుంటే ఏమీ కాలేదని కాదు, పైరు ఒకసారి పడిందని.

సెలవులో ఇంటికొచ్చాడు, మూడోరోజు జ్వరం. ఇక్కడి డాక్టర్ వైరల్ అన్నారు.

డాక్టర్‌ను అనకండి. మీవాడు అస్సాం నుంచో మిజోరం నుంచో వచ్చాడని మీరు చెప్పారా? అది చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది? ఈశాన్యపు అడవుల నుంచి వచ్చినవాడికి జ్వరమొస్తే మలేరియా పరీక్ష ఆ రోజే చేయించాలి. మెదడుకు పాకే రకం రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. ఇంకో రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. దానికిచ్చే 14 రోజుల కోర్సును నాలుగోరోజు జ్వరం తగ్గిందని ఆపేస్తే, వచ్చే సెలవుకు మళ్ళీ ఇదే జ్వరం.

దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదట చూసింది కూడా సైనిక వైద్యుడే. రోనాల్డ్ రాస్, మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. అయినా దోమతెర కట్టుకోవడానికి జవాన్లు ఇప్పటికీ బద్ధకిస్తారు. ఉక్కగా ఉంటుందట.

ఒంటిమీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు ఎక్కడన్నా ఉందేమో కూడా వెతకండి. చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర. అది స్క్రబ్ టైఫస్ గుర్తు, పొదల్లో ఉండే నల్లిలాంటి సన్నని పురుగు వల్ల వస్తుంది. సమయానికి పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌తోనే లొంగుతుంది.

వరద పనికి వచ్చే జవాన్లకు కూడా ఏమన్నా ప్రమాదమా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మనమంతా చూశాం. కొండపావులూరులో ఉండే ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ వాళ్ళు, గండ్లు పూడ్చడానికి వచ్చిన ఆర్మీ వాళ్ళు నడుములోతు నీళ్ళలో రోజులకు రోజులు తిరిగారు. అది వాన నీరు కాదు. డ్రైనేజీ, చచ్చిన పశువులు, ఎలుకల మూత్రం అన్నీ కలిసిన నీరు. పాదం మీద చిన్న గీత ఉన్నా ఎలుక జ్వరం క్రిమి లోపలికి పోతుంది. వారం పది రోజులకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం, పచ్చకామెర్లు. అందుకే అలాంటి పనికి దిగేవాళ్ళకు ముందుజాగ్రత్తగా మాత్ర ఇస్తారు. తడి బూట్లతో రెండు రోజులు గడిపితే పాదాలు ఉబ్బి తోలు ఊడుతుంది. మనం వాళ్ళకు పులిహోర పొట్లాలు ఇచ్చాం, మంచిదే. పొడి సాక్సులు కూడా ఇచ్చి ఉండాల్సింది.

ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడతాడు, ఊరికే కోప్పడతాడు. టెన్షన్ అంటాడు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. అక్కరలేదు.

నా అనుభవంలో, తూటాల మధ్య ఉన్న కుర్రాడు నిద్రపోతాడు. ఇంటి నుంచి ఫోన్ వచ్చిన కుర్రాడు నిద్రపోడు. గట్టు తగాదా, చెల్లెలి పెళ్ళి, అత్తాకోడళ్ళ గొడవ, అప్పు ఇచ్చినవాడి తిట్లు. రెండువేల కిలోమీటర్ల దూరంలో, చేతిలో తుపాకీతో, రాత్రి రెండింటికి సెంట్రీ డ్యూటీలో ఒంటరిగా నిలబడి ఇవన్నీ నెమరువేస్తాడు. ఒక్క మాట చెప్తాను, కోపగించుకోకండి. ఇంట్లో గొడవ అతనికి చెప్పక తప్పదనుకుంటే చెప్పండి, గానీ అతను ఏం చేయగలడో అది కూడా చెప్పండి. ఏమీ చేయలేనిది చెప్పి ఫోన్ పెట్టేయకండి.

పొలం తగాదాకు దారులున్నాయి. అతను కమాండింగ్ ఆఫీసర్‌కు రాసిస్తే, ఆయన జిల్లా కలెక్టర్‌కు, ఎస్పీకి ఉత్తరం రాస్తారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వెంటపడుతుంది. కోర్టు వ్యవహారమైతే 1925 నాటి చట్టం ఒకటుంది, సరిహద్దులాంటి ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేసే సైనికుడు రాలేని సమయంలో సివిల్ కేసు ఏకపక్షంగా తేలిపోకుండా అడ్డుపడటానికి. లాయర్‌కు గుర్తుచేయండి, చాలామందికి గుర్తుండదు.

నిద్ర లేకపోవడం, తాగుడు పెరగడం, ఇష్టమైనవాటి మీద కూడా మనసు లేకపోవడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు. ఇవి వింటే సర్దిచెప్పడంతో ఆగకండి. 14416 టెలిమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. సైనికులు, వాళ్ళ కుటుంబాల కోసం పుణె సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. ప్రాణాపాయం అనిపిస్తే నేరుగా యూనిట్‌కు ఫోన్ చేయండి. పరువు సంగతి తర్వాత.

మనసు డాక్టరు దగ్గరికి వెళ్తే కేటగిరీ పడిపోయి ప్రమోషన్ పోతుందట కదా?

సైన్యంలో ఆరోగ్యాన్ని ఐదు అక్షరాల షేప్ పద్ధతిలో కొలుస్తారు. మనసు, వినికిడి, కాళ్ళుచేతులు, మొత్తం దేహం, చూపు. ఐదూ బాగుంటే షేప్ వన్. మనసు జబ్బుకు మందులు వాడుతుంటే కేటగిరీ తగ్గించవచ్చు, ఆయుధం నుంచి దూరంగా ఉంచవచ్చు. అది శిక్ష కాదు, చాలావరకు తాత్కాలికం, తిరిగి బోర్డు పెట్టి పైకి తీసుకుంటారు. ప్రమోషన్ ఆలస్యమైతే అవుతుంది. నిజం దాచను. దాచిపెట్టిన జబ్బు వల్ల ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకు ఈ బాధలు తక్కువేనా?

వేరేవి. ఓడ ఇంజిన్ గదిలో వేడి, మోత. పాత ఓడల్లో గొట్టాలకు చుట్టిన ఆస్‌బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో చేరితే ముప్పై నలభై ఏళ్ళకు బయటపడుతుంది. హెలికాప్టర్ సిబ్బందికి అదురు వల్ల నడుంనొప్పి. సూర్యలంకలో చేసిన ఒక ఎయిర్‌మన్ నాతో, సముద్రపు ఉప్పుగాలి మనిషికంటే మెషిన్‌ను ఎక్కువ తింటుందని అన్నాడు. మెషిన్ చెడితే మనిషికే ప్రమాదం కదా.

అమెరికా సైన్యంలో ఉన్న మా బంధువు బర్న్ పిట్స్ అంటున్నాడు. అదేమిటి?

ఇరాక్, అఫ్గానిస్థాన్ శిబిరాల్లో చెత్తంతా, ప్లాస్టిక్, టైర్లు, ఆసుపత్రి వ్యర్థాలతో సహా, గోతిలో వేసి తగలబెట్టారు. ఆ పొగ పీల్చినవాళ్ళకు తర్వాత వచ్చిన ఊపిరి జబ్బులు, కొన్ని క్యాన్సర్లను డ్యూటీ వల్ల వచ్చినవిగానే భావించి సాయం చేసేలా 2022 ఆగస్టులో అక్కడ చట్టం చేశారు. వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ విషయంలో అక్కడి మాజీ సైనికులు దశాబ్దాలు పోరాడితే గానీ దారి పడలేదు, ఇది దాని తమ్ముడు. మీ బంధువు చేసిన చోటు, తేదీలు ఆ చట్టం జాబితాలో ఉన్నాయేమో అక్కడి వెటరన్స్ శాఖలో చూసుకోమనండి.

రిటైరయ్యాక బీపీ, సుగర్ వచ్చాయి. సైన్యం వల్లేనా?

బాబాయ్, కొంత సైన్యం, కొంత క్యాంటీన్. నలభై ఏళ్ళకు ఇంటికొస్తారు. పొద్దున ఐదుకు లేపే విజిల్ ఉండదు. తిండి మాత్రం పరుగెత్తే రోజుల్లో తిన్నంతే. పైగా ఆవకాయ, అప్పడం, సాయంత్రం రెండు పెగ్గులు. రమ్ము చవగ్గా దొరకడం మనకు దక్కిన వరమని అందరూ అంటారు, నేను మాత్రం అనలేను. మా బ్యాచ్‌లో లివర్‌తో పోయినవాళ్ళు ముగ్గురు.

డిసెబిలిటీ పెన్షన్‌కు ఎవరు అర్హులు?

జబ్బు లేదా గాయం సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. మెడికల్ బోర్డు దాన్ని 20 శాతం లేదా అంతకంటే ఎక్కువగా తేల్చాలి.

బోర్డు "సర్వీసుకు సంబంధం లేదు" అని ఒక ముక్క రాసి పంపేస్తే అక్కడితో అయిపోలేదు. ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మాట మాజీ సైనికులంతా గుర్తుంచుకోవాలి. చేరేటప్పుడు వైద్యపరీక్ష చేసి ఆరోగ్యవంతుడని తీసుకున్నారు, అప్పుడు ఏ జబ్బూ రాయలేదు. కాబట్టి తర్వాత వచ్చినదానికి సర్వీసుతో సంబంధం లేదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే, సైనికుడు కాదు. వైకల్య శాతాన్ని పైకి, 50, 75, 100కి సర్దే పద్ధతి పూర్తికాలం చేసి రిటైరైనవాళ్ళకూ వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో తేల్చారు. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి కింద బీపీలాంటి జబ్బులకు దారి ఇరుకైంది. మీరు ఏ తేదీన బయటికొచ్చారన్నది ముందు చూసుకోండి.

తిరస్కరిస్తే ఆరు నెలల్లోపు అప్పీలు. అక్కడా కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచ్.

అగ్నివీర్లకు ఇవన్నీ ఉంటాయా?

పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) లేదు. డ్యూటీ వల్ల అంగవైకల్యం వస్తే ఒకేసారి డబ్బిస్తారు: నూరు శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు. చిన్నపాటి వైకల్యంతో నాలుగేళ్ళకు ఇంటికొచ్చే కుర్రాడి సంగతి నాకు నచ్చలేదు. సగం చెవి పోయినవాడికి, మోకాలు అరిగినవాడికి ఆ జబ్బు మిగిలిన నలభై ఏళ్ళూ ఉంటుంది కదా. అందుకే వీళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువగా ప్రతి గాయాన్నీ కాగితం మీద పెట్టించుకోవాలి.

"కాగితం మీద పెట్టించుకో" అని ప్రతిదానికీ అంటారు. ఎలా పెట్టించుకోవాలి?

ఆటలో కాలు బెణికినా సరే, ఎంఐ రూముకి వెళ్ళి రిజిస్టర్లో పేరు రాయించు. ఆసుపత్రి దాకా వెళ్తే ఇంజురీ రిపోర్ట్ తయారైందా అని అడుగు. దాంట్లో "డ్యూటీలో ఉండగా" అన్న మాట ఉందో లేదో చదువు. పెద్ద ప్రమాదమైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరుగుతుంది, సాక్షులెవరో గుర్తుపెట్టుకో. సెలవులో ఇంటికి వస్తూ పోతూ జరిగినదాన్ని కూడా యూనిట్‌కు వెంటనే తెలియజేయి.

నా మోకాలు 1990లలో ఒక కొండదారిలో పోయింది. సిక్ రిపోర్ట్ పెడితే బద్ధకస్తుడంటారని పెట్టలేదు. కట్టు నేనే కట్టుకున్నాను, అది నా పనే కాబట్టి. రిటైర్మెంట్ బోర్డులో డాక్టరుగారు మర్యాదగానే అడిగారు, "ఎక్కడైనా రాసి ఉందా?" అని. వేలమంది పేర్లు ఆ రిజిస్టర్లో నా చేత్తో రాశాను. నా పేరు లేదు.

మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏమేం తేవాలి?

డిస్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు, ఆసుపత్రి డిస్చార్జ్ స్లిప్పులు, ఎప్పుడు ఎక్కడ పోస్టింగో ఒక తెల్లకాగితం మీద. పెన్షనర్లయితే ఈసీహెచ్‌ఎస్ కార్డు. ఈ పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది, ఇంకా కార్డు చేయించుకోనివాళ్ళు పల్లెల్లో ఇప్పటికీ కనబడుతున్నారు. ఒరిజినల్స్ లామినేషన్ చేయించకండి, వెనకవైపు ముద్రలు జిరాక్స్‌లో రావు. ఆదివారం పదింటి తర్వాత రండి. ముందు రోజు ఫోన్ చేస్తే కళ్ళజోడు తుడిచి పెట్టుకుంటాను.